తొలగని రక్షక్

అమావాస్య మిట్టమధ్యాహ్నం... ఆకాశం కాటుకలా నల్లబడింది! ఓడలరేవు సముద్రం గాయపడ్డ మృగంలా ఘోషిస్తోంది. పట్టపగలే కొబ్బరితోటలో ఓ గుడ్లగూబ కర్ణకఠోరంగా కూసింది...

ఆ కూతకు ఝాన్సీ ఒళ్లు జలదరించింది. ఎదురుగా ల్యాప్‌టాప్ ముందు ఆమె చెల్లెలు జాస్మిన్ శిలాప్రతిమలా కూర్చుంది. రెప్ప వాల్చదు... పిలిస్తే పలకదు! గల్ఫ్‌లో నర్సు ఉద్యోగానికి పరీక్ష రాయాలని, అమలాపురంలో శివనాగరాజు దుకాణంలో కొనుక్కున్న ల్యాప్‌టాప్ అది. కొన్నప్పుడే అందులో 'రక్షక్' అనే ప్రోగ్రామ్ ఉంది. దాని గుర్తు... కపాలం!

బడిలో కంప్యూటర్ పాఠాలు చెప్పే ఝాన్సీ దాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేసింది. రీస్టార్ట్ కాగానే కపాలం తిరిగొచ్చింది! మిగిలిన ఫైళ్లన్నీ వెతికి వెతికి చెరిపింది. మళ్లీ ప్రత్యక్షమైంది! అది తిరిగొచ్చిన ప్రతిసారీ జాస్మిన్ ముఖంలో నెత్తురు ఇంకిపోతోంది. ఇవాళ పొద్దున్నుంచీ కన్నతల్లి ఎలీసమ్మనే గుర్తుపట్టడంలేదు...

"నన్ను తీసెయ్యడానికి నువ్వెవత్తెవే?"

జాస్మిన్ నోట మగకంఠం గర్జించింది! ఎలీసమ్మ కెవ్వుమంది. ఝాన్సీ శివనాగరాజుకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది.

"ఆయ్, చెప్పండమ్మా." తేనెలాంటి గొంతు.

"మీరిచ్చిన ల్యాప్‌టాప్‌లో ఆ రక్షక్ ఎంత తీసినా పోవట్లేదండి. మా చెల్లి మనిషి మనిషిలా లేదండి!"

"అది మెషీన్‌తోపాటే వస్తాదండి. తియ్యకూడదండి. మీ చెల్లెలుగారి ప్రాణం ఇప్పుడు దాంట్లోనే ఉందండి... పొద్దుగూకేసరికి ఆవిడ పూర్తిగా నా దాసి అయిపోతారండి. ఆయ్!"

ఆ మర్యాద వెనక డమరుక ధ్వని... బీజాక్షరాల హోరు! ల్యాప్‌టాప్ తెర దానంతటదే వెలిగింది. నల్లని వస్త్రాల్లో శివనాగరాజు... అతని ముందు రక్తసిక్తమైన కపాలం... ఆ నేత్రకుహరాల్లో విలవిల్లాడుతున్న ఎవరెవరివో ముఖాలు! వాటి నడుమ జాస్మిన్ ముఖం!

ఝాన్సీకి అప్పుడు తట్టింది. ఎన్నిసార్లు చెరిపినా ఆ పీడ పుట్టుకొస్తున్నది డిస్కులో కంటికి కనపడని, చెరిపినవాటిని తిరిగి తెచ్చే రికవరీ భాగంలోంచి! దాని గర్భకుహరం అదే! ఆ భాగంతో సహా డిస్కు మొత్తం తుడిచేసి, విండోస్ కొత్తగా ఎక్కించాలి. ఆమె ల్యాప్‌టాప్ ఆపి, విండోస్ ఉన్న పెన్‌డ్రైవ్ గుచ్చి, దాన్నుంచే ఆన్ చేసింది. తెరమీద డిస్కు భాగాలన్నీ బారులు తీరాయి.

"చెరపండమ్మా, చెరపండి!" ఫోన్లో వికటాట్టహాసం. "ఆనక శవాన్ని మోసుకోండి!"

ఝాన్సీ వేలు గాల్లోనే ఆగిపోయింది.

"అమ్మా... నిజంగానే దీని ప్రాణం ఇందులో ఉంటే?"

ఎలీసమ్మ చిన్నకూతురి తలను గుండెలకు అదుముకుంది. ఆమె కళ్లు చెమ్మగిల్లాయి గానీ గొంతు వణకలేదు.

"దేవుడు ఊదిన ఊపిరే అది! ఆడి పెట్టెలో ఎలా ఉంటాదే? చెరిపెయ్యి!"

కళ్లు మూసుకుని ప్రార్థన అందుకుంది. ఝాన్సీ ఒక్కొక్క భాగాన్నీ డిలీట్ చేస్తూ పోయింది. చివరిది రికవరీ... వేలు పడీపడగానే దిక్కులు పిక్కటిల్లేలా పిడుగు! జాస్మిన్ విల్లులా వెనక్కి విరుచుకుపడి ఆర్తనాదం చేసింది! తెరలోంచి కారునలుపు ధూమం ఎగసి, నిలవడానికి చోటు దొరక్క, గదంతా సుడులు తిరిగి... తనను బంధించినవాణ్ణి వెతుక్కుంటూ కిటికీ బద్దలుకొట్టుకుని పోయింది!

"అమ్మా..." జాస్మిన్ పెదవులు కదిలాయి. తన సొంత గొంతే! "దాహమేస్తందే..."

ఎలీసమ్మ భోరుమంది.

ఫోన్ ఇంకా ఆగలేదు. అందులో డమరుకం టప్పున పగిలింది.

"వద్దు... నా దగ్గరకి రాకు! ఝాన్సీగారండీ! తప్పయిపోయిందండి! దాన్ని మళ్లీ ఎక్కించెయ్యండమ్మా... దానికి చోటివ్వండమ్మా! మీ కాళ్లు..."

కీచుమన్న కేక ఒకటి సగంలో తెగింది. ఎముకలు పటపటా విరిగిన చప్పుడు... ఆ తర్వాత నిశ్శబ్దం!

కాల్ నడుస్తూనే ఉంది. అవతల ఊపిరి లేదు.