గుత్తికి ఐదు సూదులు

కూర్చోమన్నా కూర్చోకుండా గదంతా తిరుగుతోంది ఆమె.

"ఆసుపత్రివాళ్ళు రేపు పొద్దున్నే పోలీసులకి చెప్తారటండీ! నేను కొట్టిన మందుకే పైన్ చెట్లు చచ్చాయంటున్నారు."

ఆసుపత్రి ఆవరణలో ఆమె నాటించిన నలభై చెట్లలో పద్దెనిమిది తొలి మంచుకే మాడిపోయాయి. వారం ముందు వాటికి పురుగుమందు కొట్టింది ఆమే. నర్సరీ మావగారిది, తోటలు వేసే పని కోడలిది.

"మందు నలభైకీ కొట్టారా?" అన్నారు గురువుగారు. ఆ డిటెక్టివ్‌ని ఊరంతా అలాగే పిలుస్తుంది కాబట్టి అసిస్టెంటు శిష్యుడైపోయాడు.

"అన్నిటికీ, ఒకే డబ్బాలోంచి."

మరి పద్దెనిమిదే ఎందుకు చచ్చాయి? శిష్యుడికి కాలు నిలవలేదు. గురువుగారేమో ఆసుపత్రికెళ్ళి ఎండిన కొమ్మొకటి, పచ్చటి కొమ్మొకటి తుంచి జేబులో వేసుకున్నారే తప్ప పెదవి విప్పలేదు. శిష్యుడికి ఒళ్ళు మండింది.

నర్సరీలో మావగారు పొగలు కక్కే టీ ఇచ్చారు. శిష్యుడు గ్లాసు అందుకుని, చురుక్కుమనేసరికి బల్లమీద పెట్టేశాడు. పెద్దాయన మాత్రం తన గ్లాసు గుప్పిట్లో పట్టుకుని కబుర్లలో పడ్డారు.

"రెండు రకాల పైన్ మొక్కలు పక్కపక్కనే పెంచుతున్నారే, పోల్చుకోవడం ఎలా?" అడిగారు గురువుగారు.

"చూడ్డానికి కవలలేనండీ. ఆకులు సూదుల్లా గుత్తులుగా ఉంటాయి. గుత్తికి ఐదుంటే మంచుకి తట్టుకుంటుంది, మూడుంటే తట్టుకోదు. ముప్పై ఏళ్ళుగా కళ్ళు మూసుకుని, వేళ్ళతోనే లెక్కపెడతా. చీటీలు కూడా నేనే కడతా, ఇంకెవర్నీ ముట్టనివ్వను."

గురువుగారు ఫోన్ చేసిన గంటకి ఆసుపత్రి మేనేజరు వచ్చి వాలాడు. కోడలితో సహా అందరూ బల్ల చుట్టూ చేరాక రెండు కొమ్మలూ బయటికొచ్చాయి.

"చచ్చినవాటికి గుత్తికి మూడు సూదులు, బతికినవాటికి ఐదు. చంపింది మందు కాదు, చలి."

"అంటే ఈవిడ తప్పుడు రకం అంటగట్టిందన్నమాట!" ఎగిరాడు మేనేజరు.

"చీటీ చూసి నాటింది, అంతే. పెద్దాయనా, కళ్ళు మూసుకుని ఇది లెక్కపెట్టండి."

ఆయన ఎండిన గుత్తిని వేళ్ళ మధ్య నలిపి, "ఐదు" అన్నారు.

శిష్యుడు కళ్ళారా చూశాడు. మూడే.

"ఇందాకటి టీ గ్లాసు మావాడు క్షణం పట్టుకోలేకపోయాడు," అన్నారు గురువుగారు మెల్లగా. "మీ వేళ్ళకి స్పర్శ పోయి ఎన్నాళ్ళైంది?"

"పోయిన చలికాలం నుంచి. చెప్తే మూల కూర్చోబెడతారని భయమేసింది." పెద్దాయన తల ఎత్తలేదు. "చెట్లు మాడినప్పుడే అనుమానమొచ్చిందమ్మా. నీమీదకి వస్తుంటే కూడా నోరు పెగల్లేదు."

మేనేజరు గొంతు సవరించుకున్నాడు. "చెట్లు మార్చి నాటండి. పోలీసుల మాట వదిలేద్దాం."

"మూడు రోజులుగా నాకు కంటిమీద కునుకు లేదు మావయ్యగారూ," అంది కోడలు కోపంగా.

ఏం చెయ్యాలో తోచక ఆయన మేనేజరుకి టీ పోశారు. పొగలు కక్కుతున్న గ్లాసుని గుప్పిట్లో అలాగే పట్టుకుని నిలబడిపోయారు.

ఆమె కోపం తీరలేదు. అయినా చేతిరుమాలు తీసి దగ్గరికి వెళ్ళింది.

"కాలుతోంది. ఇలా ఇవ్వండి."