మూడు కుండల శనక్కాయలు

అరవై రెండులో, చిట్టమూరు పక్క పల్లెలో, నేనొక ఆడపిల్ల మీద గొంతు చించుకుని అరిచాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గే.

అప్పుడు వ్యవసాయ శాఖలో నాది టెంపరరీ ఉద్యోగం. ఏ రకం వేరుశనగ నిలవలో పురుగును తట్టుకుంటుందో తేల్చి రిపోర్టు ఇస్తే పర్మినెంటు చేసి కదిరికి వేస్తామన్నారు. ఆ పల్లెలో రైతు పద్మనాభయ్యగారి వసారాలో మూడు కుండల్లో మూడు రకాల కాయలు పోయించి, ఆరు నెలలు ఎవరూ ముట్టుకోకూడదన్నాను.

నెలకోసారి సైకిలు మీద వెళ్లి, కుండకు వంద కాయలు వొలిచి పుచ్చులు లెక్కపెట్టేవాణ్ణి. ఆయన కూతురు చెంచులక్ష్మి మజ్జిగ అందిస్తూ, "మీ పురుగులు బాగుండాయా సార్?" అని చుట్టాల క్షేమం అడిగినట్టు అడిగేది. నా లెక్క తప్పేది. మళ్లీ ఒకటి నుంచి మొదలు.

ఆరో నెల, ఆఖరి లెక్కకు వెళ్తే మూడు కుండల్లోనూ ఒక్క పురుగు లేదు. కాయల మధ్య వేపాకు!

"ఎవరు చేశారిది?"

"నేనే. ఎండబోసి, చెరిగి, వేపాకేసినా. అరవబాకండి సార్. పురుగులు పొయ్యినాయని ఏడ్చే మనిషిని మిమ్మల్నే చూసినా."

"ఏడవక? మళ్లీ మొదట్నుంచి ఆరు నెలలు! నా పర్మినెంటు గంగలో కలిసింది!"

ఆమె ముఖం పాలిపోయింది.

"ఇయ్యాల్టితో అయిపోద్దని, కదిరి పోతానని మీరే అన్నారు గదా. ఇంకా కొన్నాళ్లు వస్తారని చేసినా. ఉద్యోగానికే ముప్పని తెలీదు." కళ్లు తుడుచుకుంది. "అయిదు నెలల లెక్కుంది గదా. ఆరోది ఊహించి రాసుకోండి. నేనెవరికీ చెప్పను. పొయ్యిరండి."

అబ్బ, ఆ మాటకు నా గుండె కలుక్కుమంది. రాసెయ్యొచ్చు. ఎవరికీ తెలియదు.

"రాయను," అన్నాను.

"ఎందుకు?"

"ఇంకో ఆరు నెలలు నీ చేతి మజ్జిగ తాగాలి. ఆ తర్వాత మీ నాయన్ని అడగాలి."

ఆమె లోపలికి పరుగెత్తింది. తలుపు సందులోంచి నవ్వు వినిపించింది.

మర్నాడు నెల్లూరు వెళ్లి, కుండల్లో ప్రయోగం పాడైపోయిందనీ మళ్లీ మొదలుపెడతాననీ ఒప్పుకున్నాను. మా ఆఫీసరు కళ్లజోడు తీసి, "తప్పుడు లెక్క రాయకుండా పర్మినెంటే వదులుకున్నావు. నిజాయితీ అంటే నీదయ్యా!" అని అందరి ముందూ మెచ్చుకున్నారు.

ఆ మెప్పు సంగతి మాత్రం నేనింతవరకూ ఇంట్లో ఎత్తలేదు. చెంచులక్ష్మి వింటే పడీ పడీ నవ్వుతుంది.