ముళ్ళకాయ పెట్టిన కుర్చీ

"లేవండి! ముందా కుర్చీలోంచి లేవండి!"

టామ్సిన్ గిడియన్‌తో అన్న మొదటి మాట అదే. జనం టిక్కెట్టు కొని చూసిపోయే పాత బంగళా హాలోబీ హౌస్‌లో కుర్చీలన్నీ వందేళ్ళ కిందట చేత్తో చేసినవి. వాటిని కనిపెట్టుకుని ఉండటం ఆమె ఉద్యోగం. కొత్తగా చేరిన ఈ తోటమాలేమో బురద ప్యాంటుతో దర్జాగా కూర్చున్నాడు.

"కూర్చోకూడదని ఎక్కడా రాసి లేదే మేడమ్!"

"సీటు మీద ముళ్ళకాయ కనిపించలేదా?"

"కనిపించలేదు. గుచ్చుకుంది."

కూర్చోవద్దని చెప్పడానికి కుర్చీకో ఎండు ముళ్ళకాయ పెట్టడం అక్కడి పద్ధతి. ఆ తర్వాత నాలుగేళ్ళూ ఆ కాయల్ని తోటలోంచి కోసి తెచ్చింది గిడియనే. "మీ కాపలావాళ్ళొచ్చారు మేడమ్" అంటూ బకెట్ అందించేవాడు. ఆమె నవ్వు ఆపుకునేది. అంతకు మించి ఇద్దరిలో ఎవరికీ ఒక్క మాట పెగిలితే ఒట్టు.

ఇప్పుడు నవంబరు. వారంగా ఒకటే ముసురు. చలికాలానికి ఇల్లు మూసేస్తున్నారు. టామ్సిన్ కుర్చీలకు దుప్పట్లు కప్పుతోంది. యార్క్‌షైర్‌లో మరో పాత ఇంట్లో ఉద్యోగానికి రమ్మన్న ఉత్తరం ఏప్రన్ జేబులో ఉంది. సాయంత్రంలోగా జవాబు చెప్పాలి. ఆ సంగతి గిడియన్‌కీ తెలుసు.

కిటికీ అవతల పచ్చికలో ఖాళీ జాగా. అక్కడ ఆమెకెంతో ఇష్టమైన యాష్ చెట్టు తెగులు తగిలి చచ్చిపోతే మార్చిలో గిడియనే కొట్టేశాడు. ఆ రోజు ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది. ఇవాళా ఏడుపొస్తోంది. వెళ్ళొద్దని అనాల్సినవాడు అనడం లేదు. ఇంకెవరి కోసం ఉండాలి?

గుమ్మం దగ్గర చప్పుడైంది. గిడియన్ తడిసి ముద్దయి ఉన్నాడు. చేతిలో ఒక కుర్చీ.

"అయ్యో, ఏ గదిలోది అది? వానలో తడిపేశావా!"

"ఇంట్లోది కాదు మేడమ్. ఆ యాష్ చెట్టు కలపతో నేనే చేశాను. ఎనిమిది నెలలు పట్టింది. ఈ ఇంట్లో మీరు ఒక్కసారైనా కూర్చోగా నేను చూళ్ళేదు."

సీటు మీద ముళ్ళకాయ ఉంది.

"మరి ఇదెందుకు?"

"ఇంకెవరూ కూర్చోకుండా." అతను కుర్చీని ఆమె ముందు దించాడు. "వెళ్ళకు టామ్సిన్. నువ్వంటే నాకు ప్రాణం. ఎప్పుడో చెప్పాల్సింది, ధైర్యం చాల్లేదు."

టామ్సిన్ ముళ్ళకాయ తీసి కూర్చుంది. కుర్చీ ఒక పక్కకి ఒరిగింది.

"ఊగుతోంది."

"సరిచేస్తాను. కొంచెం టైమ్ పడుతుంది."

ఆమె కళ్ళు తుడుచుకుని, ముళ్ళకాయను అతని చేతిలో పెట్టింది.

"దీన్ని జాగ్రత్తగా ఉంచు. నేను లేచినప్పుడల్లా పెట్టాలి."