ఇరవై రెండు రేకులు, ఒక గులాబీ రుమాలు

"ఓనె!" అని వాకిట్లోంచి కేకేశాడు ఎడ్నెర్.

"రెస్పె!" అని లోపలి నుంచి జవాబొచ్చింది. ఆ మాట వినిపించనిదే జక్మెల్ కొండల్లో ఎవరూ పరాయి గడప తొక్కరు.

క్లెర్మీస్ తలుపు తీసింది. ఎదురుగా చర్చి సేవా మిషన్ కుర్రాడు ఎడ్నెర్, వానలో నిలువునా తడిసి, ఆదివారపు కోటుతో నిలబడి ఉన్నాడు. చేతిలో గులాబీరంగు పట్టు రుమాలు, దాన్ని చుట్టి ఎర్ర రిబ్బను. దిగువన బాట మలుపులో నల్లకోటు వేసుకుని, గొడుగు పట్టుకుని చర్చి పెద్ద డీకన్ ఫానెల్ ఉన్నాడు. క్లెర్మీస్ ఒకసారి రుమాలు వైపు, ఒకసారి గొడుగు వైపు చూసి గుండెమీద చెయ్యి వేసుకుంది.

నిజానికి డీకన్ మోకాళ్ల నొప్పితో కొండెక్కలేక అక్కడ ఆగిపోయాడు. రుమాలు ఎడ్నెర్ వాళ్లమ్మ ఎప్పుడో ఇచ్చింది. ఉత్తరం తడవకుండా అందులో చుట్టాడు. జారిపోతుందని, ఆదివారపు బడి పిల్లల బహుమతులకి కట్టే రిబ్బను కట్టాడు. ఇందులో తప్పేముందో మీరే చెప్పండి.

"ఉత్తరం ఇద్దామని వచ్చానండీ. చదివి..."

"ఇప్పుడా! ఎంత తొందర బాబూ నీకు!" అంటూ ఆవిడ రుమాలు రెండు చేతుల్తో అందుకుని బైబిలు కింద పెట్టింది. "మా అన్నయ్య వచ్చే ఆదివారం వస్తాడు. మాకు మగదిక్కు ఆయనే. ఆయనే తెరవాలి."

తర్వాత ఇంట్లో ఉన్న ఒక్క మంచి కుర్చీని కొంగుతో తుడిచి కూర్చోబెట్టింది. సాసరుతో సహా కాఫీ ఇచ్చింది. ఇంతకుముందు ఆరు ఇళ్లకి ఇలాంటి ఉత్తరాలే ఇచ్చాడు ఎడ్నెర్. ఎవరూ సాసరు తియ్యలేదు. మిషన్ నుంచి పైకప్పు రేకులు మంజూరయ్యాయని ఎవరో ముందే చెప్పేసి ఉంటారనుకున్నాడు.

ఆ ఇంటికి కొత్త కప్పు నిజంగానే కావాలి. తాటాకు చివికిపోయి మూడు చోట్ల కారుతోంది. మూడు చోట్లా మూడు గిన్నెలు పెట్టారు. వాటి మధ్య కుట్టుమిషను ముందు కూర్చున్న క్లెర్మీస్ కూతురు మిర్లాండ్ రుమాలు చూడగానే సూది వేలికి గుచ్చుకుంది.

మిర్లాండ్ అంటే ఎడ్నెర్‌కి మూడు నెలలుగా ఇష్టం. రాజధాని పోర్టో ప్రిన్స్ నుంచి స్వచ్ఛంద సేవకని వచ్చిన మొదటిరోజే వడ్రంగి పనిలో సుత్తితో తన వేలినే కొట్టుకున్నాడు. దారిన పోతున్న మిర్లాండ్ ఆగి, "మేకు ఇటువైపు ఉంది" అని చూపించి వెళ్లిపోయింది. ఆ రోజు నుంచీ అతనికి నిద్ర సరిగ్గా లేదు.

అలాంటి పిల్ల ఈవాళ అతని వైపు కారం కళ్లతో చూసి లోపలికి వెళ్లిపోయింది. కప్పు వచ్చిందంటే ఇంత కోపమేంటో అతనికి అంతుపట్టలేదు.

ఆ వారమంతా ఊరు ఊరంతా వింతగా ప్రవర్తించింది. కాఫీగింజలు ఆరబోస్తున్న ఆడవాళ్లు అతన్ని చూసి ముసిముసిగా నవ్వారు. క్లెర్మీస్ అతను మోస్తున్న దూలం లాగేసుకుని, "నీ నడుం జాగ్రత్త బాబూ, ముందు ముందు పని ఉంది" అంది.

బుధవారం ఏటి దగ్గర మిర్లాండ్ బట్టలుతుకుతూ కనిపించింది. ధైర్యం తెచ్చుకుని వెళ్లాడు.

"నామీద కోపమా అండీ?"

"నన్నొక్క మాట అడగాలనిపించలేదా నీకు?"

"మీ అమ్మగారిని అడిగి అన్నీ రాసుకున్నానుగా! ఎంతమంది ఉంటారు, ఎన్ని గదులు..."

"గదులు కూడా లెక్కపెట్టుకున్నావా!"

"లెక్కపెట్టకపోతే ఎలాగండీ? మా పద్ధతే అంత."

మిర్లాండ్ దుప్పటిని బండకేసి దబీమని బాదింది. "ఇంకెవరింటికైనా ఇచ్చావా ఇలాంటి ఉత్తరం?"

"మీది ఏడోది."

"ఏడోదా!"

"ఇంకా పదకొండు ఉన్నాయి. మార్కుల జాబితాలో మీరే ఆఖరు, మీ తర్వాత ఓడిల్ అవ్వ. ఒక్క మార్కు తేడాలో ఆవిడ వెనకబడింది పాపం. మీరు వద్దంటే ఆవిడకే ఇవ్వాలి."

ఓడిల్ అవ్వకి డెబ్బై ఎనిమిదేళ్లు. నోట్లో రెండే పళ్లు.

"ఒక్క మార్కా!" అని అరిచింది మిర్లాండ్. "అవ్వకీ నాకూ ఒక్క మార్కేనా తేడా!"

తడి దుప్పటి వచ్చి అతని మొహానికి చుట్టుకుంది. దాన్ని విప్పుకునేసరికి పిల్ల లేదు, బట్టల మూట లేదు. దుప్పటి ఒక్కటే మిగిలింది. దాన్ని ఏం చెయ్యాలో తెలియక మడతపెట్టి, క్లెర్మీస్ వాకిట్లో పెట్టి వచ్చేశాడు. ఆడపిల్లలకి రేకులంటే పడదా? తాటాకే ఇష్టమా? ఎంత ఆలోచించినా బుర్ర తిరగడమే గానీ దారి కనిపించలేదు.

ఆదివారం ప్రార్థన అయ్యాక అతన్నీ డీకన్‌నీ భోజనానికి పిలిచారు. ఈసారి డీకన్‌ని గాడిదమీద ఎక్కించి తెచ్చారు. గుమ్మడికాయ సూపు, కందులు వేసి వండిన అన్నం, వేయించిన అరటికాయ ముక్కలు. వాకిలి నిండా ఇరుగుపొరుగు. అందరికంటే ముందు ఓడిల్ అవ్వ. మిర్లాండ్ కొత్త పసుపు గౌను వేసుకుని గుమ్మానికి ఆనుకుని, అతన్ని చూడనట్టు నిలబడింది.

మేనమామ సొవెర్ కళ్లజోడు పెట్టుకున్నాడు. బైబిలు కింది నుంచి రుమాలు తీసి, రిబ్బను విప్పి, గొంతు సవరించుకున్నాడు.

"గౌరవనీయులైన క్లెర్మీస్ గారికి, ప్రభువు నామంలో వందనాలు..."

"ఎంత బాగా రాశాడో!" అంది ఓడిల్ అవ్వ.

"మీ కుటుంబానికి ఇరవై రెండు రేకులు, నాలుగు కిలోల మేకులు..."

సొవెర్ ఆగాడు. కాగితం వెనక్కి తిప్పాడు, మళ్లీ ముందుకు తిప్పాడు.

"మేకులేంటి అన్నయ్యా?" అంది క్లెర్మీస్.

"మేకులే చెల్లీ. పిల్ల పేరు ఎక్కడా లేదు."

వాకిట్లో అందరి మెడలూ కాగితం వైపు సాగాయి. డీకన్ ఫానెల్ మాత్రం రుమాలు వంకా రిబ్బను వంకా చూసి, "ఓరి దేవుడా, దీంట్లో చుట్టి ఇచ్చావా!" అని నెత్తి కొట్టుకున్నాడు.

"ఏమయ్యా," అన్నాడు సొవెర్, "కోటేసుకుని, పెద్దమనిషిని వెంటబెట్టుకుని, పట్టు రుమాల్లో రిబ్బను కట్టి తెచ్చావు. ఈ కొండల్లో పిల్లని అడిగే ఉత్తరం ఒక్కటే అలా వస్తుంది. మీ ఊళ్లో ఎలా అడుగుతారు?"

"ఫోన్లో అడుగుతారండీ."

ఎవరో కిసుక్కుమన్నారు. ఎడ్నెర్‌కి ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. సాసరు, ముసిముసి నవ్వులు, నడుం జాగ్రత్త. ఏడో ఇల్లు! ఓడిల్ అవ్వ! చెవులు వేడెక్కిపోయాయి. గుమ్మం దగ్గర మిర్లాండ్ మొహం పాలిపోయి ఉంది. రుమాలు వచ్చి వెనక్కి పోయిన పిల్ల అంటే ఊళ్లో ఏమనుకుంటారో అతనికి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

"పొరపాటైతే పొరపాటని చెప్పు," అన్నాడు సొవెర్ మెల్లగా. "రేకులు తీసుకుంటాం, సంతకం పెడతాం."

"రుమాలు పొరపాటండీ. రిబ్బను కూడా పొరపాటే," అన్నాడు ఎడ్నెర్. "కానీ వారం రోజులుగా మీరంతా అనుకున్నది మాత్రం పొరపాటు కాదు. మూడు నెలల నుంచీ అదే అనుకుంటున్నాను. అడిగే ధైర్యం లేక మేకులు కొట్టుకుంటూ కూర్చున్నాను."

"ఆమేన్!" అంది ఓడిల్ అవ్వ.

డీకన్ ఇబ్బందిగా కదిలాడు. "ఆఖరి వాక్యం కూడా చదువు సొవెర్. మిషన్‌లో పనిచేసేవాళ్ల బంధువులకి, కాబోయే బంధువులకి రేకులివ్వం. రెండూ కుదరవు." చూపు తిప్పుకుని, "నేను కళ్లు మూసుకుంటే కుదురుతాయేమో," అని గొణిగాడు.

"అలా వద్దండీ," అన్నాడు ఎడ్నెర్. "రేకులు తీసుకోండి. వానలు ముదురుతున్నాయి. నేనన్నది మర్చిపోండి."

"ఎలా మర్చిపోతాం?" గుమ్మం దగ్గర నుంచి మిర్లాండ్ ముందుకొచ్చింది. "వారం పాటు నిన్ను తిట్టుకుంటూ కుట్టాను ఈ గౌను. తిట్టుకుంటూనే కుట్టాను, అయినా కుట్టాను. మా ఇల్లు మూడు చోట్ల కారుతుంది డీకన్ గారూ. అవ్వ ఇంట్లో పడుకుంటే చుక్కలే కనిపిస్తాయి. తేడా ఒక్క మార్కేగా." గొంతు తగ్గించి తల్లి వైపు చూసింది. "కానీ ఇల్లు నీది అమ్మా. నువ్వు చెప్పు."

క్లెర్మీస్ తలెత్తి చివికిన తాటాకు చూసింది. కింద గిన్నెలు చూసింది. పన్నెండేళ్లుగా ఆ గిన్నెలు వంచి పారబోసింది ఆవిడే. చివరికి ఎడ్నెర్ వైపు తిరిగింది.

"తాటాకు నెయ్యడం వచ్చా?"

"రాదండీ."

"నేర్చుకుంటావా?"

"నేర్చుకుంటానండీ."

ఆవిడ అన్న చేతిలోని ఉత్తరం, జేబులోని కలం తీసుకుంది. సంతకం పెట్టాల్సిన చోట, 'మాకొద్దు, ఓడిల్‌కి ఇవ్వండి' అని గుండ్రటి అక్షరాలతో రాసి డీకన్ చేతికిచ్చింది. ఓడిల్ అవ్వ ఈసారి ఆమేన్ అనలేకపోయింది. మొహం దాచుకుని ఏడ్చింది.

ఎడ్నెర్ ముందు అవ్వ ఇంటికి రేకులు బిగించాడు. తర్వాత రెండు వారాలు క్లెర్మీస్ ఇంటి కప్పుమీద తాటాకు నేస్తూ, ఊరివాళ్ల వెక్కిరింతలు భరిస్తూ, రెండుసార్లు జారి కిందపడ్డాడు. మూడో ఆదివారం గులాబీ రుమాల్లో అసలైన ఉత్తరం చుట్టి తెచ్చాడు. క్లెర్మీస్ దాన్ని బైబిలు కింద పెట్టబోతే మిర్లాండ్ ఆవిడ చేతిలోంచి లాక్కుంది.

"మామయ్య వచ్చేదాకా ఆగవే!" అంది తల్లి.

"పోయినసారి ఆగి ఏం బావుకున్నాం?" అంటూ రిబ్బను విప్పి చదువుకుంది. మడత పెట్టి ఎడ్నెర్ వైపు చూసింది. "ఇది ఎన్నో ఇల్లు?"

"మొదటిది. ఇక వేరే ఇల్లు లేదు నాకు."

అప్పుడే వాన మొదలైంది. ముగ్గురూ ఊపిరి బిగబట్టి పైకి చూశారు. సరిగ్గా మంచి కుర్చీలో కూర్చున్న అతని కాఫీ కప్పులోకి ఒక చుక్క టప్‌మని పడింది.

"అది నేను నేసిన చోటు కాదు," అన్నాడు ఎడ్నెర్ కంగారుగా.

"నువ్వు నేసిన చోటే," అంది మిర్లాండ్. పక్కన కూర్చుని అతని కప్పు మీద అరచెయ్యి మూతగా పెట్టింది. వాన తగ్గాక కూడా తియ్యలేదు.