పసుపు డిస్కుల షాపు

"అక్కా, ఆ కాఫీ పక్కన పెట్టి ఒక్క నిమిషం నా మాట విను" అంటూ తమ్ముడు మెట్లెక్కి పరుగున వచ్చాడు.

కింద షాపు, పైన ఇల్లు. పొద్దున్నే షట్టరెత్తి, ఊడ్చి, అద్దాలు తుడిచి, మళ్ళీ పైకొచ్చి అందరితో కూర్చుని నాలుగు ముక్కలు బ్రెడ్డు తినడం అతని అలవాటు. ఏ పనికైనా ముందు దూకి తర్వాత చూసుకునే రకం. అందుకే చిన్నప్పుడే ఇంట్లోవాళ్ళు 'గిత్త' అని పేరు పెట్టారు. పెళ్ళయినా ఆ పేరు పోలేదు. కోపం వచ్చిన రోజు భార్య కూడా అదే పేరుతో పిలిచేది.

ఆ షాపులో సినిమా డిస్కులు అమ్ముతారు, అద్దెకిస్తారు. తెర మీద బొమ్మ అద్దంలా తేటగా కనిపించే కొత్త డిస్కులు వచ్చాక జనానికి కొత్త తలనొప్పి మొదలైంది. అవి రెండు రకాలు. ఒకటి పసుపు డబ్బాలో వస్తుంది, రెండోది ఊదా డబ్బాలో. దీని ప్లేయరులో అది ఆడదు, దాని ప్లేయరులో ఇది ఆడదు. సినిమాలు తీసే స్టూడియోలు కూడా రెండు జట్లుగా చీలిపోయాయి. నచ్చిన సినిమా ఏ జట్టుదో చూసుకుని ప్లేయరు కొనుక్కోవలసిందే. అక్క పనిచేసే స్టూడియో పసుపు జట్టులో అన్నిటికన్నా పెద్దది. ఇళ్ళకు చేరే ఆ స్టూడియో డిస్కులన్నీ ఆమె ఉండే విభాగం నుంచే వెళ్తాయి.

"ఊదావన్నీ తీసేస్తున్నాను. ఇకమీదట మనది పసుపు షాపు" అన్నాడు తమ్ముడు కుర్చీ లాక్కుంటూ. "రెండు పడవల మీద కాళ్ళు పెట్టి ఎన్నాళ్ళని నిలబడతాను? మా అక్క స్టూడియో ఉండగా నాకేం భయం? ఏమంటావు?"

అక్క చేతిలో చెంచా ఆగిపోయింది.

కిందటి వారమే ఆఫీసులో పై అధికారి కొద్దిమందిని గదిలోకి పిలిచి తలుపు వేశాడు. తమ స్టూడియోను ఇంకో పెద్ద స్టూడియో కొనేస్తోందని చెప్పాడు. ఆ పెద్దది ఊదా జట్టు. బేరం పూర్తయిన రోజు నుంచి తమ సినిమాలన్నీ ఊదా డబ్బాల్లోనే వస్తాయి. ఇంత పెద్ద స్టూడియో అటు ఒరిగాక పసుపుకు ఇక ఊపిరి ఉండదు. ప్రకటన వచ్చేదాకా ఎవరికీ చెప్పబోమని గదిలో ఉన్నవాళ్ళందరి చేతా సంతకాలు పెట్టించాడు. "ఇంట్లోవాళ్ళకి కూడా వద్దు. పక్కలో పడుకున్న మనిషికి కూడా వద్దు" అన్నాడు. అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వింది.

ఇప్పుడు నవ్వు రావడం లేదు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

"వాడు అడుగుతున్నాడు, మాట్లాడవేమే?" అంది అమ్మ.

"వాడి షాపు, వాడి ఇష్టం."

తమ్ముడు ఇంకా ఆమె ముఖంలోకే చూస్తున్నాడు. చిన్నప్పుడు లెక్క చేసి తెచ్చి తప్పో ఒప్పో చెప్పమని అలాగే నిలబడేవాడు. ఆ చూపును తప్పించుకోవడానికి ఆమె ఓ నవ్వు నవ్వి, "బాగానే ఉంటుందిలేరా" అంది.

"అక్క ఊఁ అంది. ఇంకేం కావాలి!" అని తమ్ముడు బ్రెడ్డు ముక్క నోట్లో కుక్కుకుని కిందికి పరిగెత్తాడు.

*

వారం తిరగకుండానే ఊదా డబ్బాలు మాయమయ్యాయి. బోర్డుకు పసుపు రంగు పడింది. షాపు ముందు పెద్ద టీవీ పెట్టి, పసుపు డిస్కు వేసి, దారినపోయేవాళ్ళను ఆపి మరీ చూపించేవాడు. "ప్లేయరు కొంటే ఇదే కొనండి. మా అక్క అందులోనే పనిచేస్తుంది. అబద్ధం చెబుతానా?" అనేవాడు. ఆ మాట నమ్మి మూల ఇంటి టీచరమ్మ కొంది. పక్క వీధి దర్జీ కొన్నాడు. పళ్ళ డాక్టరు తన ఆసుపత్రి హాల్లోకి కూడా ఒకటి కొన్నాడు.

ఆఫీసు నుంచి వస్తూ అక్క ఆ మాటలు వినేది. తలవంచుకుని మెట్లెక్కేది. ఒకరోజు ఉండబట్టలేక, "కొన్ని ఊదావి కూడా ఉంచుకోరా, అడిగేవాళ్ళు ఉంటారుగా" అంది.

"నీ కంపెనీ మీద నీకే నమ్మకం లేదా?" అని తమ్ముడు పకపకా నవ్వాడు. ఇంకో మాట అందామంటే ఆమెకు సంతకం గుర్తొచ్చేది. అనకపోతే తమ్ముడి ముఖం గుర్తొచ్చేది.

ఒక మధ్యాహ్నం షాపు ముందు టీవీలో వార్త వచ్చింది. రెండు స్టూడియోల పెద్దలూ చేతులు కలిపి నవ్వుతున్నారు. ఇకపై తమ సినిమాలన్నీ ఒకే రకం డిస్కులో వస్తాయని, అది ఊదా అని, ఇందువల్ల ప్రేక్షకుల అయోమయం తీరిపోతుందని చెప్పారు. ఆంబోతులు రాజీపడ్డాయి. నలిగిన లేగదూడ సంగతి ఎవరూ అడగలేదు.

సాయంత్రానికి దర్జీ వచ్చి షాపు ముందే నిలబడి కేకలేశాడు. "నీ మాట నమ్మి కొన్నాను. ఇప్పుడు ఆ పెట్టెని నెత్తిన పెట్టుకోనా?" తమ్ముడి నోట్లో వెలక్కాయ పడ్డట్టయింది. జీవితంలో మొదటిసారి, చీకటి పడకముందే షట్టరు దించేశాడు.

అక్క ఇంటికి వచ్చేసరికి ముగ్గురూ భోజనాల బల్ల చుట్టూ కూర్చుని ఉన్నారు. బల్ల మీద ఒక్క పళ్ళెం కూడా లేదు.

మరదలే మొదలుపెట్టింది. "వదినా, ఒక్కటే అడుగుతాను. ఈ సంగతి మీకు ముందే తెలుసా?"

అబద్ధం చెప్పే ఓపిక అక్కకు లేదు. "తెలుసు."

"ఎప్పటి నుంచి?"

"వాడు నన్ను అడిగిన రోజుకే తెలుసు."

"అయ్యో అయ్యో" అని అమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. "సొంత తమ్ముడే! నూతిలోకి దిగుతుంటే చూస్తూ ఊరుకున్నావా?"

"సంతకం చేశానమ్మా. బయట చెబితే ఉద్యోగం పోవడమే కాదు, నేరం. అయినా ఇలాంటి షాపులు ఇంకెన్ని లేవు? వాళ్ళందరికీ స్టూడియోలో అక్కలున్నారా? వీడొక్కడికి చెప్పడం న్యాయమా?"

"న్యాయాలు ఆఫీసులో మాట్లాడుకోండి వదినా" అంది మరదలు. "వచ్చేపోయేవాళ్ళందరికీ మీ పేరు చెప్పి అమ్మాడు. రేపు వీధిలోకి ఏ ముఖంతో వెళ్ళాలి ఈయన?"

తమ్ముడు అంతవరకూ తలెత్తలేదు. ఇప్పుడు నెమ్మదిగా అన్నాడు. "పసుపు మంచిదో ఊదా మంచిదో నాకేం తెలుసక్కా? రెండూ ఒకలాగే కనిపిస్తాయి నా కంటికి. నువ్వక్కడ ఉన్నావని పసుపు తీసుకున్నాను. అంతే."

అరిచి ఉంటే ఆమె కూడా అరిచేది. తిట్టి ఉంటే జవాబు చెప్పేది. అతను లేచి గదిలోకి వెళ్ళిపోయాడు. ఆ గిత్త అంత నెమ్మదిగా నడవగలడని ఆమెకు అప్పటిదాకా తెలియదు.

*

తర్వాత ఇల్లంతా ముల్లు దిగిన పాదంలా తయారైంది. తమ్ముడు అక్కతో మాట్లాడటం మానేశాడు. ఆఫీసులో మాత్రం, రెండు స్టూడియోల విభాగాలు కలిసినా ఆమె ఉద్యోగం నిలబడిందని అందరూ చేతులు కలిపి అభినందించారు. కలిపిన ప్రతి చెయ్యీ ఆమెకు వేడి గిన్నెలా తగిలింది.

ఒక సెలవురోజు పొద్దున తమ్ముడు చెప్పులేసుకుంటుంటే, "ఎక్కడికిరా?" అంది అమ్మ.

"నా మాట మీద కొన్నవాళ్ళ ఇళ్ళకి. వాళ్ళొచ్చి తిట్టేదాకా దాక్కోవడం దేనికి? నేనే వెళ్తాను."

అక్క కూడా చెప్పులేసుకుంది. అతను రావద్దనలేదు, రమ్మనీ అనలేదు.

ముందు టీచరమ్మ ఇల్లు. తమ్ముడు గుమ్మంలో నిలబడి మాటలు వెతుక్కుంటుంటే అక్క ముందుకొచ్చింది. "అమ్మా, వీడు మిమ్మల్ని మోసం చెయ్యలేదు. పసుపు పోతుందని నాకు తెలుసు. తెలిసీ బాగానే ఉంటుందని వాడితో అన్నాను. వాడు నన్ను నమ్మాడు, మీరు వాడిని నమ్మారు."

టీచరమ్మ కళ్ళజోడు సర్దుకుని ఆమెను ఎగాదిగా చూసింది. "ఉన్న సినిమాలు ఆడతాయిగా? నా వయసుకి అవే ఎక్కువ. నీ మీద కోపం లేదురా అబ్బాయ్" అంది. అక్కతో మాత్రం ఏమీ అనలేదు.

పళ్ళ డాక్టరు తలుపు తీసి, సంగతి విని, ఒక్క మాటా మాట్లాడకుండా మళ్ళీ వేసేశాడు. మూసిన తలుపు ముందు అక్కకు కన్నీళ్ళు ఆగలేదు. మెట్టు మీద కూలబడిపోయింది. తమ్ముడు కూడా పక్కనే కూర్చున్నాడు.

"లోపలి సంగతి చెప్పలేదని కాదక్కా నా బాధ" అన్నాడు. "ఆ కాగితం నువ్వు చించెయ్యాలని నేను అనను. మన ఇంట్లో మాట తప్పేవాళ్ళు లేరు. కానీ 'నన్ను అడక్కురా, నేను చెప్పలేను' అనొచ్చుగా? అంటే నేనే ఆగేవాణ్ణి. ఊదావి ఓ మూల ఉంచుకునేవాణ్ణి. నువ్వు నవ్వి బాగానే ఉంటుందన్నావు. ఆ మాట ఏ కాగితంలో రాసుందక్కా?"

ఇన్నాళ్ళూ అక్క మనసులో సంతకాన్ని, తమ్ముణ్ణి తూకం వేసుకుంటూ, తనకు రెండే దారులున్నాయని నమ్మింది. మూడోది ఉంది. ఆఫీసుకు ద్రోహం చెయ్యనిది, తమ్ముణ్ణి ముంచనిది. ఒక్క క్షణం తమ్ముడి ముందు ముఖం ఇబ్బందిగా పెట్టాలంతే. ఆ క్షణం దాటెయ్యడం కోసం అబద్ధమాడింది. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకుంది.

"రాసి లేదురా" అంది చివరికి. "అది నేనే అన్నాను."

"ఊఁ" అన్నాడు. జేబురుమాలు తీసి ఆమె ఒళ్ళో పడేశాడు. "ముఖం తుడుచుకో. ఇంకా దర్జీ ఉన్నాడు. ఆయన నోరు మంచిది కాదు. ఏడవాలనుంటే అక్కడ ఏడుద్దువుగాని."

ఏడుపులోనే ఆమెకు నవ్వొచ్చింది.

ఇద్దరూ లేచి నడిచారు. వీధి మలుపు తిరుగుతుండగా తమ్ముడు, "అది సరే, ఈ ఊదావైనా నాలుగు కాలాలు ఉంటాయా? మళ్ళీ తెప్పిద్దామనుకుంటున్నాను" అన్నాడు, అలవాటుగా.

అక్క ఆగింది. ఆఫీసులో ఈ మధ్య విన్నవి, సగం విన్నవి నాలుక చివరిదాకా వచ్చాయి. వాటి వెనకే, అంతకంటే తేలిగ్గా, ఓ నవ్వూ వచ్చింది. రెంటినీ మింగేసింది.

"అది నన్ను అడక్కురా. నేను చెప్పలేను."

తమ్ముడు ఆమె ముఖంలోకి చూశాడు. కోపం లేదు. ఇంకేమీ తవ్వి తీయాలన్న ఆత్రం కూడా లేదు.

"సరే, అడగను" అన్నాడు. ఎదురుగా వస్తున్న సైకిలుకు దారి వదలడానికి ఆమె మోచెయ్యి పట్టుకుని పక్కకు లాగాడు. సైకిలు వెళ్ళిపోయాక కూడా ఆ చెయ్యి వదల్లేదు.

ఎంత చిన్న మాట! ఆ పొద్దున ఇదే మాట అని ఉంటే ఎంత బాగుండేదో అనుకుంటూ, అక్క అతని పక్కనే దర్జీ ఇంటివైపు నడిచింది.