బోడిదిబ్బ

"మే ఎలిశబెతూ, ఇటు పట్టు! ఇది శానా పొడుగుండాది!" అని అరిచింది పుష్పకుమారి.

మధ్యాహ్నపు ఎండలో పదిమంది పిల్లలు ఇసుక దిబ్బ మీద బాలబంద తీగలు పీకుతున్నారు. మైపాడు పక్కన, సముద్రం ఒడ్డునే ఉంది ఆ దిబ్బ. దాని మీదంతా మేక గిట్టల్లా చీలిన ఆకులు, ఊదారంగు పూలు. మర్నాడు క్రిస్మస్. చర్చికి తీగలతో తోరణాలు కడదామన్నది పదేళ్ల పుష్పే.

దిబ్బకు ఇవతల తాటాకు గుడిసెలో ఆదిశేషమ్మ ఒంటరిగా ఉంటుంది. గుడిసె ముందు చిన్న వంగతోట, పక్కన ఇసుకలో తవ్విన చెలమ. ఆమె తాగేదీ, మొక్కలకు పోసేదీ ఆ చెలమ నీళ్లే.

"పీకబాకండమ్మా! ఇసకని పట్టుకోనుండేది ఆ తీగలే," అంటూ ఆమె బయటికి వచ్చింది.

"కొంచెమేలే అవ్వా!" అంది పుష్ప.

కొంచెంతో ఆగలేదు. సాయంత్రానికి దిబ్బ నెత్తిన పచ్చని ఆకు మిగల్లేదు. చర్చి మాత్రం పెళ్లిపందిరిలా కళకళలాడింది. పాస్టరు గారు అందరి ముందూ పుష్పను మెచ్చుకున్నారు. వాళ్లమ్మ మగ్దలీనమ్మ మురిసిపోయింది.

ఆ తర్వాత బోడిదిబ్బ పిల్లలకు జారుడుబండ అయింది. మిగిలిన వేళ్లు కూడా వాళ్ల కాళ్ల కింద నలిగిపోయాయి.

వేసవి వచ్చింది. రోజూ మధ్యాహ్నానికల్లా సముద్రం మీదినుంచి గాలి విసిరికొట్టేది. ఇసుక లేచి కళ్లలో, అన్నంలో పడేది. ముందు వంగమొక్కలు మునిగిపోయాయి. తర్వాత చెలమ పూడింది. ఆదిశేషమ్మ పొద్దున్నే తట్టతో ఇసుక ఎత్తిపోసేది. సాయంత్రానికి మళ్లీ పూడేది.

ఒకరోజు బడిలో క్రీస్తుదాసు సార్ గోడకు మ్యాప్ తగిలించారు.

"ఎడారి యాడుంటాది?"

"రాజస్థాన్‌లో సార్!" అంది ఎలిశబెతు.

"ఆడే ఉండాల్నా? పచ్చదనం పోయిందంటే ఇసక యాడికైనా నడిచిపోతాది. మన ఆదిశేషమ్మ ఇంటికాడికి నడిచి రాలా?"

పిల్లలంతా కిటికీలోంచి దిబ్బ వైపు చూశారు. పుష్ప తల ఎత్తలేదు.

బడి వదలగానే గుడిసెకు పరుగెత్తింది. ఇసుక గోడల సగం ఎత్తుకు వచ్చేసింది. ఆదిశేషమ్మ మూటలు కడుతోంది.

"యాడికవ్వా?"

"బోగోలుకి, మా తమ్ముడి కాడికి. నీళ్లు లేనికాడ ఎట్టుండేది?"

"తీగలు పీకుదామని చెప్పింది నేనే అవ్వా. నువ్వు వద్దన్నా వినలా."

ఆదిశేషమ్మ మూట ముడి బిగించింది. "చూసినాలేమ్మా," అంది.

కోప్పడినా బాగుండునని పుష్పకు అనిపించింది.

"మళ్లా నాటితే వస్తాదా?"

"వానలు పడినాక కణుపు ఇసకలో పూడ్చాల. ఒక్క ఏడుతో అయ్యే పని గాదు."

పుష్ప ఒక మూట నెత్తిన పెట్టుకుని రోడ్డు దాకా వెళ్లింది. బస్సు కదిలేటప్పుడు ఆదిశేషమ్మ వెనక్కి తిరిగి గుడిసెను చూసుకుంది.

కార్తీకంలో వానలు పడ్డాయి. పుష్ప, ఎలిశబెతు మైలు దూరం నడిచి, తీగలు దట్టంగా ఉన్నచోట గుబురుకు ఒక్క కొమ్మే తుంచి తెచ్చారు. ముప్ఫై నాటారు. పెద్దగాలికి సగం కొట్టుకుపోయాయి. ఇంకొన్ని మేకలు తినేశాయి. ఐదింటికి మాత్రం చిగురు వచ్చింది.

పుష్ప మళ్లీ కొమ్మలు తెచ్చింది. అంతలో నలుగురైదుగురు చిన్నపిల్లలు తాటిమట్టలు ఈడ్చుకుంటూ జారడానికి వచ్చారు.

"ఈడ తొక్కబాకండి," అంది పుష్ప. "పోయినేడు నేను తీగలన్నీ పీకేసినా. అందుకే అవ్వ ఇల్లు పోయింది. చూడండి."

పిల్లలు కిందికి చూశారు. ఇసుకలోంచి గుడిసె కప్పు ఒక్కటే కనిపిస్తోంది. మట్టలు తీసుకుని దిగిపోయారు.

పుష్ప మోకాళ్ల మీద కూర్చుని కణుపును గుంటలో పెట్టి, తడి ఇసుకను రెండు చేతులతో అదిమింది. తర్వాత ఇంకో గుంట తవ్వింది.