తుడవని పేజీ

ఎల్బీనగర్ గదిలో శేఖర్ సంచి సర్దుకుంటున్నాడు. ఏసీ మెకానిక్ చొక్కా, స్క్రూడ్రైవర్లు, ప్రెజర్ గేజ్. గేజ్ లోపల పెన్‌డ్రైవ్. సంచిలో ఇంకా సగం చోటుంది. పెట్టడానికి అతనికి వేరే ఏమీ లేదు.

ఫోన్‌లో నిఘా విభాగం చీఫ్ మల్లికార్జునరావు.

“దిల్‌సుఖ్‌నగర్ సర్వర్ రూములో మన మెషీన్ ఉందిగా. దాని కెర్నెల్, అంటే లోపలి పెత్తందారు, డిస్కు మీద ఏదైనా రాయాలంటే ఒక మెమరీ పేజీ కేటాయించి, హైపర్‌కాల్ అనే పిలుపుతో పక్క మెషీన్ చేతిలో పెడుతుంది. రాసేది రెండు ముక్కలే. స్పీడు కోసం మనవాళ్ళు పేజీ తుడవకుండా ఇచ్చేస్తున్నారయ్యా.”

“హాస్టల్ల దుప్పటి ఉతకకుండ కొత్తోనికి ఇచ్చినట్టా సార్?”

“అదే. పాత సరుకంతా అందులోనే. విదేశీ ముఠా ఆ పక్క మెషీన్‌లో దూరింది. మధ్యాహ్నం వాణి అసలు పేరు మన మెమరీలోకి వస్తుంది.”

“మెషీన్ ఆపేద్దాం.”

“ఆపితే వాళ్ళకి అనుమానం వస్తుంది. ముందు పోయేది ఆవిడే.”

వాణి ముఠాలో మన మనిషి. ముఠా మాత్రం ఆమెను తమ మనిషే అనుకుంటోంది.

ఆ రోజు హోలీ. శేఖర్ ముఖం నిండా గులాల్ పూసుకుని దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళాడు. మెట్ల దగ్గర నల్ల కళ్ళద్దాలు, నెమలికంఠం రంగు చీర.

“గడ్డిఅన్నారంల బత్తాయిలు దొరుకుతయా?” అడిగాడు శేఖర్.

“మార్కెట్ పోయింది. తొక్కలే మిగిలినయ్.”

కోడ్ సరిపోయింది. వాణి నవ్వింది. “మెకానిక్‌వా, జోకర్‌వా? గా మొహమేంది?”

పైన మెషీన్‌కి పెన్‌డ్రైవ్ పెట్టాడు. కెర్నెల్ ఆగకుండానే అందులోని ప్యాచ్, అంటే సరిచేసిన కోడు, ఎక్కాలి. ఇకపై ప్రతి పేజీ సున్నాలతో తుడిచాకే చేయి దాటాలి. సగం ఎక్కేసరికి కింద బూట్ల చప్పుడు.

“వాళ్ళే. నేను మూసారాంబాగ్ దిక్కు తీస్కపోతా. నువ్వు ఎన్క మెట్లకెళ్ళి దిగు.”

“మీరెట్ల ఒస్తరు మేడం?”

“మెట్రోల ఒస్త. జర నిమ్మళంగ చెయ్.”

ఆమె దిగిపోయింది. ప్యాచ్ ఎక్కింది. ఆ మరుక్షణమే పేరు మెమరీలోకి వచ్చి వెళ్ళింది. చేయి దాటిన పేజీని శేఖర్ తెరిచి చూశాడు. రెండు ముక్కలు, తర్వాత అన్నీ సున్నాలే.

“శభాష్,” అన్నాడు చీఫ్. “ఆ పేరు ఇక ఎవరికీ దొరకదు.”

సాయంత్రం శేఖర్ మెట్రో స్టేషన్‌లో వెతికాడు. మలక్‌పేట దవాఖానకు పోయాడు. కౌంటర్‌లో ఆమె అసలు పేరు అడిగారు. అది అతనికీ తెలియదు.

వాణి తిరిగి రాలేదు. 2022 మార్చి 18, శుక్రవారం.